నలభై మూడు సంతకాలు

సిస్టర్ అమలోర్పవం ఎర్ర పెన్ను మూత తీసి పేజీకి అడ్డంగా, ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత గీసింది. పేజీ తిప్పింది. మళ్ళీ గీత. అట్లా ఆరు పేజీలు. ఎక్కడా గీత వంకర పోలేదు.

"ఇది కాలేజీ చరిత్రనా, కాలేజీ మీద కేసా?" అంది.

"జరిగిందే రాసినాను సిస్టర్" అంది రూపశ్రీ.

"జరిగినవన్నీ చరిత్ర అయితే వంటింట్లో కుండ పగిలింది కూడా రాయి."

చిత్తూరు నుంచి పుత్తూరు పోయే రోడ్డు మీద సెయింట్ మార్సెల్లా మహిళా కళాశాల మొదలై అరవై ఏళ్ళయింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు అది అమ్మగార్ల కాలేజీ. పన్నెండు రోజుల్లో వజ్రోత్సవం. బిషప్ గారు వస్తున్నారు. ఆ రోజు విడుదల చెయ్యాల్సిన పుస్తకం రాసే పని జూన్‌లోనే రూపశ్రీకి అప్పగించారు. ఆమె అక్కడ తొమ్మిదేళ్ళుగా చరిత్ర పాఠాలు చెబుతోంది. ఈ ఏడు బి.ఏ.లో చేరినవాళ్ళు పదకొండు మంది. వచ్చే జూన్ నుంచి బి.ఏ. ఎత్తేస్తున్నారు. ఇక మిగిలేవి కంప్యూటర్ కోర్సులే.

"నిన్ను ఆఫీసులోకి తీసుకోవాలని మేనేజ్‌మెంటుకు ఉత్తరం రాసి పెట్టినాను" అంది సిస్టర్, గీతలు కొట్టిన కాగితాలు సర్దుతూ. "సొరుగులోనే ఉంది. ఇంకా పంపలేదు."

"పంపకపోయినా పర్వాలేదు సిస్టర్. రెండు భోజనశాలలు ఉండింది నిజం కాదని మీరు చెప్పండి, నేనే తీసేస్తాను."

"ఉండె. మాంసం తిననివాళ్ళకు పైన, తినేవాళ్ళకు కింద. ఇప్పుడు మాత్రం ఏ హాస్టల్లో లేదు?"

"కింద కూర్చున్న వాళ్ళంతా మాలమాదిగ పల్లెల నుంచి వచ్చిన క్రైస్తవుల పిల్లలే ఎందుకున్నారు? వాళ్ళల్లో మాంసం తిననివాళ్ళు ఒక్కరూ లేరా? పైవాళ్ళకు వేరే వంటమనిషి, వేరే నీళ్ళ తొట్టి. సరే, అదీ పోనీండి. తపస్సుకాలం శుక్రవారం కింద కూడా పప్పూ మజ్జిగే గదా. ఆ రోజే గదా ఆ ఇద్దరూ పైకెక్కి కూర్చున్నది."

సిస్టర్ చేతిలో పెన్ను ఆగింది. "ఎవరు చెప్పినారు నీకు?"

"కాన్వెంటు దినచర్యలో ఉంది. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు, మార్చి ఇరవై మూడు."

ప్రతి కాన్వెంటులోనూ ఒక సిస్టర్ ఏ రోజుకారోజు జరిగినవి పుస్తకంలో రాస్తుంది. ఎవరు వచ్చారు, ఎవరికి జ్వరం, బావిలో నీళ్ళెంత. ఆ పుస్తకాలను రూపశ్రీ రికార్డు గదిలో కూర్చుని ఒక్కొక్కటే చదివింది. ఈస్టరు ముందటి నలభై రోజుల తపస్సుకాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, బి.ఏ. ఆఖరు సంవత్సరం పిల్లలు లూర్దమ్మ, ఆరోగ్యం అనే ఇద్దరు ఎనిమిది మెట్లెక్కి పై భోజనశాలలో పళ్ళేలు పెట్టుకుని కూర్చున్నారు. ఈ రోజు ఎవరికీ మాంసం లేదు గనక ఇక్కడే తింటామన్నారు. పైవాళ్ళు అన్నం వదిలి లేచిపోయారు. మరుసటి రోజు ఆ ఇద్దరి మీద చర్య తీసుకోవాలని నలభై మూడు మంది సంతకాలు చేసిన అర్జీ కాన్వెంటు పెద్ద మదర్ సుపీరియర్ చేతికి వచ్చింది. ఇద్దరినీ క్షమాపణ రాసివ్వమన్నారు. ఆరోగ్యం రాసిచ్చింది. లూర్దమ్మ రాయలేదు. పరీక్షలకు పద్దెనిమిది రోజులున్నాయనగా ఆమెను పంపించేశారు. దినచర్యలో ఆ తర్వాతి వాక్యం, కాన్వెంటు ఆవు ఈనిందని.

"పుస్తకం శుక్రవారం సాయంత్రానికి తిరుపతి ప్రెస్సుకు పోవాల" అంది సిస్టర్. "ఈ ఆరు పేజీలు లేకుండా."

రూపశ్రీ కాగితాలు తీసుకుని బయటికి వచ్చింది. ఆమె చేతిసంచిలో, టిఫిన్ డబ్బా కింద, ఒక పాత గోధుమరంగు కవరు ఉంది. దాని సంగతి ఆమె సిస్టర్‌కు చెప్పలేదు. ఆఫీసు బీరువా అడుగు అరలో, పాత హాజరు పట్టీల వెనక దొరికింది. అందులో లూర్దమ్మ పదో తరగతి సర్టిఫికెట్టు, ఇంటర్ సర్టిఫికెట్టు అసలువి ఉన్నాయి. క్షమాపణ రాసేదాకా ఇవ్వమని పెట్టుకున్నవి. నలభై రెండేళ్ళుగా కాలేజీలోనే ఉండిపోయాయి.

*

లూర్దమ్మ ఊరి చర్చిలో అడిగితే ఆమె రేణిగుంటలో ఉందని చెప్పారు. మంగళవారం సెలవు పెట్టి రూపశ్రీ బస్సెక్కింది.

రైలు బోగీల్లో కప్పుకునే దుప్పట్లు ఉతికే షెడ్డు అది. స్టేషను వెనక, గోడౌన్ల వరసలో ఉంది. లోపల ఆవిరి, సబ్బు వాసన. పెద్ద రోలరు కింద నుంచి తెల్ల దుప్పట్లు వేడివేడిగా జారి వస్తున్నాయి. బల్ల దగ్గర ఇద్దరిద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని విదిలించి, మూలకు మూల కలిపి మడిచి దొంతి పెడుతున్నారు. ఒక బల్ల దగ్గర పొట్టిగా, నెరిసిన జుట్టును బిగించి ముడేసుకున్న మనిషి ఒక్కతే నిలబడి ఉంది.

"లూర్దమ్మ గారూ?"

"యాడ్నుంచి?"

"అమ్మగార్ల కాలేజీ నుంచి."

ఆమె రూపశ్రీ ముఖంలోకి చూసింది. చెప్పుల దాకా చూసింది. తర్వాత రోలరు కింద నుంచి వచ్చిన దుప్పటి కొస ఒకటి ఆమె చేతిలో పెట్టింది. "పట్టుకో. నా జత మనిషి టీకి పొయ్యింది. ఊరికే నిలబడితే సూపర్‌వైజరు అరుస్తాడు."

రూపశ్రీ సంచీ భుజానికి ఎగదోసుకుని పట్టుకుంది. దుప్పటి కాలుతోంది. మొదటిసారి మూలలు కలవలేదు. లూర్దమ్మ తన వైపు కొసను గట్టిగా లాగింది. రూపశ్రీ ఒకడుగు ముందుకు తూలింది.

"నేను కాలేజీ చరిత్ర రాస్తున్నాను. మీకు జరిగింది అందులో రాసినాను. సిస్టర్ తీసెయ్యమంటా ఉంది. మీకు తెలియాలని వచ్చినా."

"సదువు" అంది లూర్దమ్మ.

"ఇక్కడా?"

"ఆఫీసు గది ఇచ్చిండ్లేదు నాకు. ఈడనే సదువు."

జత మనిషి తిరిగొచ్చింది. రూపశ్రీ బల్ల పక్కన నిలబడి, రోలరు చప్పుడుకు గొంతు పెంచి, ఎర్రగీతలున్న ఆరు పేజీలూ చదివింది. బాగా రాసిన చోట ఆమె గొంతు తనకు తెలియకుండానే వణికింది. లూర్దమ్మ చేతులు ఆగలేదు. విదిలింపు, మడత, మడత, దొంతి. చదవడం అయిపోయింది.

"నా పేరు పద్నాలుగుసార్లు వచ్చింది" అంది లూర్దమ్మ. "నేను యాడ పుట్టినానో, మా నాయన చెప్పులు కుట్టేదో, నేను ఏడస్తా బస్సెక్కిందో అంతా రాసినావు. ఏడ్చలేదు నేను. అది యాడ సూసి రాసినావు?"

"అంటే... అట్లా ఉండి ఉంటుందని..."

"సరే. సంతకాలు పెట్టినోళ్ళను ఏమని రాసినావు?"

రూపశ్రీ కాగితం వైపు చూసింది. "కొందరు విద్యార్థినులు అని."

"కొందరు." లూర్దమ్మ దుప్పటి బల్ల మీద పడేసింది. "నలభై మూడు మంది. ఆ అర్జీని నోటీసు బోర్డుకు అంటించినారు. నేను నిలబడి ఒక్కో పేరూ సదివినా. నాతో పాటు బెంచీలో కూర్చునేదాని పేరుండాది. నా నోట్సు తీసుకోని పాసైనదాని పేరుండాది. ఆ కాగితం నీకు దొరకలేదా?"

"దొరికింది."

"మళ్ళా?"

రూపశ్రీ చేతిలోని పేజీలు మడిచింది. ఆ కాగితంలో పదిహేడో సంతకం ఆమె పెద్దమ్మ జ్ఞానాంబది. అమ్మ చిన్నప్పుడే పోతే రూపశ్రీని పెంచి, ఎం.ఏ. దాకా చదివించిన మనిషి.

లూర్దమ్మ ఆమెనే చూస్తోంది. "మీవాళ్ళెవరన్నా సదివినారా ఆడ?"

"మా పెద్దమ్మ."

"పైన తిన్నిందా, కింద తిన్నిందా?"

"పైన."

"ఊరికే అడిగినా" అని లూర్దమ్మ మళ్ళీ దుప్పటి అందుకుంది.

రూపశ్రీ సంచిలోంచి కవరు తీసింది. లూర్దమ్మకు అదేమిటో చూడగానే తెలిసింది. బొటనవేలు కొద్దిగా కదిలింది గాని చెయ్యి చాచలేదు.

"ఆయమ్మకు చెప్పి తెచ్చినావా?"

"లేదు. అడిగితే ఇవ్వరని..."

"దొంగతనంగా తెస్తే దొంగతనంగా తీసుకోవాల్నా నేను? పెట్టుకున్నోళ్ళు ఇయ్యాల. తీసుకోనిపో."

"ఇంకొక్క మాట. మీతో పాటు కూర్చున్న ఆరోగ్యం గారు ఇప్పుడు ఎక్కడున్నారో తెలుసా? ఆమెను కూడా కలిసి..."

అప్పుడు లూర్దమ్మ నవ్వింది. జత మనిషి ఉలిక్కిపడి చూసేంత గట్టిగా నవ్వింది. "ఆరోగ్యం యాడుండాదో తెలీకుండానే చరిత్ర రాసినావా! పో మేడమ్. రెండింటి బండికి నూరు జతలు ఎక్కించాల."

*

కార్వేటినగరంలో పెద్దమ్మ పెరట్లో పీట వేసుకుని చింతపండు కొడుతోంది. రాయి మీద కాయ పెట్టి చిన్న సుత్తితో ఒక దెబ్బ. పెంకు ఇటు, గింజ అటు, పండు చేటలోకి. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. వజ్రోత్సవం రోజు వేదిక మీద సన్మానం చేయబోయే ఐదుగురు పూర్వ విద్యార్థినుల్లో ఆమె ఒకరు. ఆహ్వాన పత్రికలో పేరు కూడా అచ్చయింది. చీర ఎంచి, తీసి, మంచం మీద పరిచి ఉంది.

రూపశ్రీ సంతకాల కాగితం ఫొటోను సెల్‌ఫోన్‌లో చూపించింది.

"గుర్తులేదు" అంది జ్ఞానాంబ. ఇంకో కాయ కొట్టింది. దెబ్బ పక్కకు పడి గింజ ఎగిరిపోయింది. "గుర్తుండాదిలే. ఏంటికిప్పుడు?"

"లూర్దమ్మను చూసొచ్చినా పెద్దమ్మా. రేణిగుంటలో దుప్పట్లు మడుస్తా ఉంది."

"మడవనీ. కష్టం చేసుకోని బతికేదాంట్లో తప్పేముండాది?"

"నీకంటే బాగా చదివేదంట."

సుత్తి ఆగింది. "అవును. నాకంటే బాగా సదివేది. అయితే? మేమంతా పద్దెనిమిది, ఇరవయ్యేండ్ల పిల్లోళ్ళం. వార్డెనమ్మే కాగితం రాసి తెచ్చి బల్ల మీద పెట్టింది. వరసగా పెట్టుకుంటా వస్తా ఉండారు. పదారు మంది పెట్టినాక నా దగ్గరికొచ్చింది. నేను పెట్టననింటే నన్నేం చేసేవాళ్ళో నీకేం తెలుసు?"

"ఏం చేసేవాళ్ళు?"

"కింద పోయి కూర్చోమనుంటారు."

మాట బయటికి వచ్చాక జ్ఞానాంబ చేటలోని పండును ఒక పక్కకు తోసింది. పెరటి గోడ మీద కాకి అరుస్తోంది.

"కూర్చోనుంటే ఏమయ్యుండేది పెద్దమ్మా?" అంది రూపశ్రీ నెమ్మదిగా.

"ఏమయ్యుండేదా? మా నాయన బండి కట్టుకోనొచ్చి అదే రోజు నన్ను ఇంటికి తోలుకోనొచ్చుండు. టీచరు ట్రైనింగూ లేదు, ఉద్యోగమూ లేదు, నిన్ను సదివించేదీ లేదు. నువ్వు కూడా ఆ సంతకం మీదనే సదివినావు. ఆ కాలేజీలో నీకు పని యెట్లా వచ్చిందనుకుంటివి? నా మాట మీద ఇచ్చినారు. పెద్ద నీతులు చెప్పేదానికి వచ్చింది ఇప్పుడు."

"పేర్లు రాయమంటా ఉంది లూర్దమ్మ."

జ్ఞానాంబ లేచింది. చీరకు అంటిన పెంకులు దులుపుకుంది. మోకాలు నొప్పికి ముఖం ముడుచుకుంది గాని చెల్లెలి కూతురు చాచిన చెయ్యి పట్టుకోలేదు. కన్న తల్లి లేని పిల్ల అని ఏనాడూ ఒక దెబ్బ కొట్టని మనిషి ఆమె.

"రాయి. రాసినాక మాత్రం ఈ ఇంటి గడప తొక్కద్దు" అని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది.

రూపశ్రీ పీట మీద కూర్చుంది. పక్కన కుప్పలో సగం కాయలు మిగిలి ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలియక అవన్నీ కొట్టి, గింజ తీసి, పండు ముద్ద చేసి పెట్టింది. తలుపు తెరుచుకోలేదు. వేళ్ళు చింతపండు జిగటతో అంటుకుపోతుంటే తొట్టి దగ్గర కడుక్కుని బస్టాండుకు నడిచింది.

మరుసటి రోజు స్టాఫు రూములో కూర్చుని ఆ ఆరు పేజీలనూ తిరగరాసింది. ఏడ్చిన మాట తీసేసింది. చెప్పులు కుట్టిన మాట తీసేసింది. పేజీన్నరకు వచ్చింది. 'కొందరు విద్యార్థినులు' అన్నచోట 'నలభై మూడు మంది విద్యార్థినులు' అని కొట్టింది. అంకె ఖచ్చితంగా ఉంది గదా, అది చాలుననుకుంది. రెండుసార్లు చదువుకుని, బాగుందనుకుంది.

*

గురువారం పదకొండు గంటలకు ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. రూపశ్రీ పోయేసరికి ప్రిన్సిపాల్ గదిలో లూర్దమ్మ ఉంది. ఉతికి ఇస్త్రీ చేసిన నూలు చీర కట్టుకుంది. భుజానికి బట్ట సంచీ. కుర్చీలో నిటారుగా కూర్చుంది. బల్లకు అవతల సిస్టర్ అమలోర్పవం నిలబడి ఉంది.

"ఈమె తావ ఉండాది" అంది లూర్దమ్మ రూపశ్రీని చూపించి.

సిస్టర్ తల తిప్పింది. "కవరు నువ్వు తీసినావా?"

"తీసినాను సిస్టర్."

"రెండు వారాలుగా ఎతకతా ఉండాను" అంది సిస్టర్. ఆ మాట ఆమె నోట ఎప్పుడూ వినని యాసలో వచ్చింది. తొమ్మిదేళ్ళలో రూపశ్రీ ఆమె దగ్గర పుస్తకం భాషకు దగ్గరగా ఉండే మాటలే విన్నది.

రూపశ్రీ కవరు తీసి బల్ల మీద పెట్టింది. సిస్టర్ దాన్ని అరచేత్తో ఒకసారి తుడిచింది.

"మూడు బీరువాలు మారినాయి ఈ ఆఫీసులో. మారినప్పుడంతా నేనే దీన్ని తీసి కొత్తదాంట్లో పెట్టినా లూర్దూ."

"పంపించి ఉండచ్చు గదా ఆరోగ్యం?"

రూపశ్రీ ఇద్దరి వైపూ చూసింది. కన్యస్త్రీగా వ్రతం పుచ్చుకున్నప్పుడు పేరు మార్చుకునే వాళ్ళుంటారని ఆమెకు తెలుసు. పుస్తకంలో వ్యవస్థాపకుల అధ్యాయంలో అట్లాంటి పేర్లు ఎన్నో తనే రాసింది. అమలోర్పవం అసలు పేరేమిటో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

"అడ్రసు తెలుసు నాకు" అంది సిస్టర్. "షెడ్డు కూడా తెలుసు. రేణిగుంటలో ఎన్నోసార్లు రైలెక్కినా. స్టేషను దాకా వస్తా, ఆడి నుంచి ఆ సందులోకి కాళ్ళు రావు."

"ఏసీ బోగీలోనా?"

"ఈ మధ్య ఏసీలోనే."

"అయితే నేను మడిచిన దుప్పటే కప్పుకోనుంటావు."

సిస్టర్ బల్ల అంచు పట్టుకుంది. బయట కారిడార్‌లో పిల్లలు వజ్రోత్సవం పాట సాధన చేస్తున్నారు. ఒకే చరణం దగ్గర మళ్ళీ మళ్ళీ తప్పుతున్నారు.

"ఆ పైకీ కిందికీ మధ్య ఉండిన గోడ పడగొట్టించింది నేనే" అంది సిస్టర్. "తొంభై మూడులో. నన్ను వార్డెన్ చేసిన ఏడే. రెండు హాళ్ళూ ఒకటి చేయించినా. పైవాళ్ళ తల్లిదండ్రులు ఇరవై మంది పిల్లల్ని తోలుకోని పొయ్యినారు. పొయ్యేవాళ్ళను పోనీమన్నా. అయ్యన్నీ చేసినా లూర్దూ."

"చేసినావు. ఇన్నా నేను." లూర్దమ్మ గొంతు పెంచలేదు. "ఆ శుక్రవారం వార్డెనమ్మ వచ్చి లెయ్యమనింది. నేను లెయ్యలే. నువ్వు లేచినావు. నీ పళ్ళెం తీసుకోని, నా పక్కనించి మెట్లు దిగి పోతావుంటే సూస్తా కూర్చున్నా. అన్నం మీద చెయ్యి ఉండాది నాది, ముద్ద కూడా పెట్టుకోలే. గోడ నువ్వు పది పడగొట్టు. నేను ఆడ కూర్చోనుండంగా నువ్వు లేచి పొయినావు."

సిస్టర్ కవరు ఎత్తి రెండు చేతులతో ముందుకు చాచింది.

"రిజిస్టరులో రాసి ఇయ్యి" అంది లూర్దమ్మ. "ఇంతకాలం నాకు లెక్క లేకుండా పెట్టుకున్నారు. రాసి ఇయ్యి."

సిస్టర్ కుర్చీలో కూర్చుని రిజిస్టరు తెరిచింది. తేదీ రాసింది. వస్తువు రాసింది. ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఏంది ఆ గడి?"

"ఇంతకాలం ఉంచుకున్న కారణం."

"రాయి."

'క్షమాపణ రాయనందుకు' అని రాసి సిస్టర్ రిజిస్టరు తిప్పింది. లూర్దమ్మ ప్రతి అక్షరం మీద వేలు పెట్టి చదివి, కింద సంతకం చేసింది. వంకర్లు లేని, చదువుకున్న మనిషి సంతకం. కవరు తెరిచి రెండు సర్టిఫికెట్లూ వెలుతురుకు పట్టుకుని చూసుకుంది. ఒక మూల చెదలు కొరికిన చోట వేలితో తడిమింది.

"దేనికన్నా పనికొస్తాయా ఇప్పుడు?" అని రూపశ్రీ అనేసింది. అని నాలుక కరుచుకుంది.

"పనికొచ్చేదానికి కాదు. నావి." కవరు బట్టసంచిలో పెట్టుకుంది. "పుస్తకంలో నా పేరు ఒక్కసారి ఎయ్యండి, చాలు. నన్ను సూసి అయ్యో అనేది వద్దు. సంతకాలు పెట్టినోళ్ళ పేర్లు ఎయ్యండి. చేసిన పని వాళ్ళది."

సిస్టర్ రూపశ్రీ వైపు చెయ్యి చాచింది. "తిరగరాసినావంట గదా. ఇయ్యి."

రూపశ్రీ పేజీన్నర ఇచ్చింది. సిస్టర్ కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. ఎర్ర పెన్ను ముట్టలేదు.

"నలభై మూడు మంది అని ఉంది. పేర్లేవి?"

"పేర్లు ఎందుకు సిస్టర్" అంది రూపశ్రీ. "అప్పటికి వాళ్ళు పిల్లలు. వార్డెన్ రాసి తెస్తే పెట్టినారు. ఇప్పుడు అరవై దాటినవాళ్ళు, కుటుంబాలున్నాయి, మనవళ్ళున్నారు. అంతమందిని..."

ఇద్దరు ముసలివాళ్ళూ తననే చూస్తున్నారని తెలిసి ఆమె ఆగిపోయింది. సోమవారం ఇదే గదిలో ఆమె నిజం గురించి మాట్లాడింది.

లూర్దమ్మ లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. "నాకు రెండింటికి షిఫ్టు ఉండాది."

సిస్టర్ కూడా లేచింది. "గంట కొట్టేస్తారు ఇప్పుడు. అన్నం తినేసి పో లూర్దూ."

"యాడ? పైనా, కిందా?"

"ఇప్పుడు అంతా ఒకటే."

"తెలుసు. తినే వచ్చినా" అంది లూర్దమ్మ. కారిడార్‌లో పాట ఆగింది. ముసలామెకు దారి ఇవ్వడానికి పిల్లలు గోడకు ఒత్తుకున్నారు. ఆమె వాళ్ళ మధ్య నుంచి, తొందర లేకుండా, బస్సు రోడ్డు వైపు నడిచిపోయింది.

*

తలుపు మూసి సిస్టర్ కంప్యూటర్ ముందు కుర్చీ లాగింది.

"కూర్చో. ప్రెస్సుకు రేపు పోవాల. ఇప్పుడే కొడదాం."

"మేనేజ్‌మెంటు ఒప్పుకోదు సిస్టర్."

"మా సభకు పెద్ద, ప్రొవిన్షియల్ అమ్మ ఫోన్ చేస్తుంది. తిడుతుంది. నాకు ఎట్లా ఉన్నా మేలో బదిలీ. ముందే అయితే ముందే పోతా. నీ ఉత్తరం మాత్రం నేను పంపినా ఇక పనికి రాకపోవచ్చు. తెలుసుకోనే కూర్చో."

రూపశ్రీ కూర్చుంది.

"ముందు మదర్ సుపీరియర్ పేరు రాయి. పంపించెయ్యమని చెప్పింది ఆమె. తర్వాత అర్జీ రాసిన వార్డెన్ పేరు. ఇద్దరూ చనిపోయినారు, అయినా రాయి. తర్వాత క్షమాపణ రాసిచ్చింది ఎవరు?"

"ఆరోగ్యం."

"అట్లా రాస్తే ఎవరికి తెలుస్తుంది? రెండు పేర్లూ రాయి. ఇప్పుడు ఈ కాలేజీ ప్రిన్సిపాల్ అని కూడా రాయి."

రూపశ్రీ రాసింది. సిస్టర్ అర్జీ కాగితాన్ని బల్ల మీద పరిచి, మడతల మీద పుస్తకాలు బరువు పెట్టి, ఒక్కో పేరూ చదవసాగింది. పేరు, తరగతి, ఊరు. కొన్ని సంతకాలు అర్థం కాక ఆగేది. "ఇది ఇందుమతి. నగరి పిల్ల. ఎడంచేత్తో రాసేది" అనేది. రూపశ్రీ వేళ్ళు కీబోర్డు మీద ఆగకుండా పరిగెత్తాయి. పది దాటింది. పద్నాలుగు. పదహారు.

సిస్టర్ చదవడం ఆపింది.

రూపశ్రీ తెర మీది నుంచి కళ్ళు తిప్పలేదు. ఆహ్వాన పత్రికల కట్ట బల్ల మీదే ఉంది. మంచం మీద పరిచిన చీర కళ్ళ ముందుకు వచ్చింది. దగ్గరికి వేసిన తలుపు వచ్చింది. పదో తరగతి పరీక్షలప్పుడు జ్వరం వస్తే మూడు రోజులు బడికి సెలవు పెట్టి తలకు తడిగుడ్డ వేసిన చెయ్యి వచ్చింది.

"మీకు తెలుసా సిస్టర్, ఆమె ఎవరో?"

"నీ ఉద్యోగం అప్లికేషన్ మీద ఆమె సంతకమే గదా ఉండాది. ఆ సంతకం అప్పటికీ ఇప్పటికీ ఏం మారలేదు." సిస్టర్ కాగితాన్ని పుస్తకాల కింద నుంచి లాగి రూపశ్రీ వైపు తిప్పి పెట్టింది. "ఇది నేను చదవను. కొడతావో, వదిలేస్తావో. వదిలేస్తే నలభై రెండు అని మార్చు, నేను అడగను."

బయట భోజనం గంట మోగింది. పిల్లలు మెట్ల మీద పరిగెత్తుతున్న చప్పుడు. స్టీలు పళ్ళేల మోత. సిస్టర్ లేవలేదు.

రూపశ్రీ కాగితం దగ్గరికి వంగింది. నీలం సిరా వెలిసి ఊదారంగుకు తిరిగింది. సంతకం కింద పొడుగ్గా లాగిన గీత, ఎవరో తొందర పెడితే లాగినట్టు కాగితం చివరిదాకా పోయి ఉంది. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నట్టు కొట్టింది. పి. జ్ఞానాంబ. రెండో సంవత్సరం బి.ఏ. కార్వేటినగరం.

కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. సిస్టర్ కాగితాన్ని తన వైపు తిప్పుకుంది.

"పద్దెనిమిది" అంది.